తాళం పడిన బళ్లు : ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ కథ (1951–1964)

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, దక్షిణాన పొగాకు పండే ప్రాంతంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే గాని విస్తీర్ణంలో బాగా చిన్నది. బడి విషయంలో మాత్రం దాని అధికారం మన జిల్లాకు లేనంత పెద్దది. పాఠశాలలను నడిపేది పాఠశాల మండలి. పన్ను వేసి దానికి డబ్బు ఇచ్చేది పర్యవేక్షక మండలి. 1959 జూన్‌లో ఈ రెండో మండలి ప్రభుత్వ పాఠశాలలకు డబ్బు కేటాయించేది లేదని తీర్మానించింది. ఆ సెప్టెంబరులో తెరవవలసిన బళ్లు 1964 సెప్టెంబరు దాకా తెరుచుకోలేదు.

ముందుగా ఒక మాట. తెలుగులో ‘జాతి’ అనే పదం దేశానికీ, తెగకూ, పశుపక్ష్యాదుల భేదాలకూ కూడా చెల్లుతుంది. ఈ వ్యాసంలో దాన్ని నలుపు తెలుపుల భేదం అనే అర్థంలోనే వాడుతున్నాను.

ఈ మూసివేతను సాధారణంగా 1954 నాటి బ్రౌన్ తీర్పుకు తెల్లవారి ప్రతిచర్యగా చెబుతారు. అది నిజమే. అయితే నల్లజాతి తల్లిదండ్రులు స్థానిక విద్యాధికారులను ఎందుకు నమ్మలేకపోయారో తెలియాలంటే ఇంకా వెనక్కి, తారు కాగితపు గదుల దగ్గరికి వెళ్లాలి.

ఫార్మ్‌విల్ పట్టణంలో నల్లజాతి పిల్లల కోసం 1939లో కట్టిన మోటన్ ఉన్నత పాఠశాల 180 మందికి సరిపోయేది. 1950 నాటికి అందులో 450 మందికి పైగా చదువుతున్నారు. భోజనశాల లేదు, వ్యాయామశాల లేదు. తల్లిదండ్రులు కొత్త భవనం అడిగితే బడి ఆవరణలో చెక్క చట్రాలకు తారు కాగితం కప్పిన గదులు లేపి, వాటికి ‘తాత్కాలికం’ అని పేరు పెట్టారు. ఆ మాటకు ప్రభుత్వ పరిభాషలో ఉన్న ఆయుర్దాయం ఎంతో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లలకు ఉడుకు, దూరంగా కూర్చున్నవారికి వణుకు. వానొస్తే కప్పు కారేది. మతబోధకుడు ఫ్రాన్సిస్ గ్రిఫిన్ వంటి పెద్దలు వినతులతో మండలి చుట్టూ తిరిగారు. నిర్ణయం వాయిదా పడుతూ వచ్చింది.

చివరికి కదిలింది పిల్లలు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి, ప్రధానోపాధ్యాయుడు ఊళ్లోకి వెళ్లేటట్లు ఒక దొంగ ఫోను చేయించి, విద్యార్థులందరినీ సభామందిరానికి పిలిపించింది. ఉపాధ్యాయులను బయటికి వెళ్లమని కోరి సమ్మె ప్రకటించింది. వాళ్లు అడిగింది మంచి బడి మాత్రమే. సహాయానికి వచ్చిన న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ ఒక షరతు పెట్టారు: వేరు బడిని బాగుచేయమని కాదు, వేరు బడి అనేదే వద్దని అడిగితేనే దావా వేస్తామన్నారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. మే 23న 117 మంది విద్యార్థుల పక్షాన దావా దాఖలయింది. బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు వ్యాజ్యాలలో విద్యార్థుల సమ్మె నుంచి పుట్టింది ఇదొక్కటే.

దావా పడ్డాక, ఏళ్ల తరబడి దొరకని డబ్బు దొరికింది. 1953లో కొత్త భవనం వచ్చింది. ప్రధానోపాధ్యాయునికి ఉద్యోగం పోయింది. బార్బరాను అలబామాలోని తండ్రి సోదరుని ఇంటికి పంపించారు. అడిగితే రానిది కోర్టుకెక్కితే వచ్చిందనీ, దానికి మూల్యం ఇదనీ ఊరంతా చూసింది. ఆపైన మండలి ఇచ్చే హామీకి విలువ ఏముంటుంది?

1956లో సెనేటర్ హారీ బర్డ్ నాయకత్వాన వర్జీనియా ‘భారీ ప్రతిఘటన’ విధానాన్ని చేపట్టింది. 1958 సెప్టెంబరులో గవర్నరు నార్‌ఫోక్, షార్లట్స్‌విల్, ఫ్రంట్ రాయల్ పట్టణాలలో, నల్లజాతి పిల్లలను చేర్చుకోవలసి వచ్చిన బళ్లను మూయించాడు. 1959 జనవరి 19న రాష్ట్ర సుప్రీంకోర్టు, ఫెడరల్ కోర్టు ఒకే రోజున ఆ చట్టాలను కొట్టివేయడంతో అక్కడ బళ్లు తెరుచుకున్నాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ దారి వేరు. అక్కడి పర్యవేక్షక మండలి కొన్నేళ్లుగా బడి డబ్బును ఏడాదికొకసారి కాక నెలనెలా విడుదల చేస్తూ, ఏ క్షణాన్నైనా ఆపగలిగేటట్లు సిద్ధంగా ఉంది. 1959 మేలో కోర్టు ఆ సెప్టెంబరుకల్లా జాతిభేదం లేకుండా ప్రవేశాలు ఇవ్వమనగానే డబ్బు ఆపేసింది.

మండలి వాదన చూడండి. బడి అందరికీ మూశాం, ఎవరిమీదా వివక్ష చూపలేదు అన్నది. కాగితం మీద అది నిజం. కాని 1955లోనే తెల్లవారు ఒక విద్యాసంస్థను నమోదు చేసి పెట్టుకున్నారు. మూసివేత జరిగిన సెప్టెంబరులోనే చర్చిల్లో, ఇతర భవనాల్లో సుమారు 1,500 మంది తెల్ల పిల్లలకు ప్రైవేటు బడి మొదలయింది. 1960 నుంచి దానికి రాష్ట్రపు ఫీజు గ్రాంట్లు, కౌంటీ పన్ను రాయితీ తోడయ్యాయి. దాదాపు 1,700 మంది నల్లజాతి పిల్లలకు ఏమీ లేదు. తల్లిదండ్రులకు ‘ఎంపిక స్వేచ్ఛ’ ఇచ్చామన్నది నాయకుల మాట.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచే ఘటన 1959 డిసెంబరుది. తెల్లవారి నాయకులు కొందరు నల్లజాతి పిల్లలకు కూడా ఒక ప్రైవేటు బడి పెడతామని ముందుకు వచ్చారు. వచ్చిన దరఖాస్తు ఒక్కటి. పిల్లలు వీధిలో ఉండగా పెద్దలు పట్టుదలకు పోయారని దీన్ని విమర్శించేవారున్నారు. నేను అలా అనుకోను. ఆ బడిలో చేరితే ప్రభుత్వ విద్య అక్కరలేదని తామే ఒప్పుకున్నట్లవుతుంది, దావా నీరుగారుతుంది. పైగా ఇస్తామంటున్నది తారు కాగితపు గదులనాటి నాయకవర్గమే. నమ్మకం అనేది బడి మూసిన తరువాత ప్రకటనతో తెచ్చుకునేది కాదు.

ఆ నిర్ణయానికి పిల్లలు కట్టిన వెల తక్కువది కాదు. కొందరిని బంధువుల ఇళ్లకు పొరుగు కౌంటీలకు పంపారు. పై తరగతుల వారిలో సుమారు అరవైమంది నార్త్ కరొలైనాలోని కిట్రెల్ కళాశాలకు వెళ్లారు. క్వేకర్ల సేవాసంస్థ మరికొందరిని ఇతర రాష్ట్రాల్లో కుటుంబాల మధ్య ఉంచి చదివించింది. మిగిలిన చాలామందికి చర్చి నేలమాళిగల్లోని శిక్షణ కేంద్రాలే దిక్కు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున రాబర్ట్ గ్రీన్ బృందం చేసిన పరిశీలనలో, చదువు పూర్తిగా ఆగిపోయినవారు ఎంతో కొంత చదువు దొరికినవారికంటె బాగా వెనకబడినట్లు తేలింది. 1963 సెప్టెంబరులో విరాళాలతో ‘ఫ్రీ స్కూల్స్’ తెరిచినప్పుడు నీల్ సల్లివన్ వయసును బట్టి కాక, చదవగలిగిన స్థాయిని బట్టి పిల్లలను విభజించవలసి వచ్చింది.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు పాఠకులకు ఇదంతా దూరపు కథ అనిపించవచ్చు. భాషా అల్పసంఖ్యాకుల బాధను జాతివివక్షతో సమానం చేయడం సరికాదు. అయినా ఒక పోలిక ఉంది. 1949 నాటి విద్యామంత్రుల సమావేశం తరగతిలో 10 మందో, బడిలో 40 మందో ఉంటే మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్నది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ఆ బాధ్యతను రాష్ట్రం మీదనే కాక స్థానిక సంస్థల మీద కూడా పెట్టింది. ఉపాధ్యాయుని ఖాళీ నింపకపోతే పిల్లలు తగ్గుతారు. పదికి తగ్గితే తరగతి దానంతటదే పోతుంది. మూశామని ఎవరూ అనరు.

1964 మే 25న సుప్రీంకోర్టు గ్రిఫిన్ కేసులో తీర్పు చెప్పింది. పేరు ఆ మతబోధకుని పిల్లలది. జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన తీర్పు ప్రకారం, ఒక్క కౌంటీలో ప్రభుత్వ బళ్లు మూసి, అక్కడే తెల్లవారి ప్రైవేటు బళ్లకు ప్రజాధనం ఇవ్వడం సమాన రక్షణను కాలరాయడమే. అవసరమైతే పన్ను వేయమని కూడా కింది కోర్టు ఆదేశించవచ్చు. ఇంత జరిగాక, ఆ ఆగస్టులో పర్యవేక్షకులు పైకోర్టు ఆపేలోగా రాత్రికి రాత్రి సుమారు 1,80,000 డాలర్ల గ్రాంటు చెక్కులు తెల్ల కుటుంబాలకు పంచిపెట్టారు. 1966లో అది కోర్టు ధిక్కారంగా తేలింది.

1964 సెప్టెంబరులో తెరిచిన ప్రభుత్వ బళ్లలో పిల్లలు దాదాపు అందరూ నల్లజాతివారే. తెల్లవారి ప్రైవేటు అకాడమీ నల్లజాతి విద్యార్థులను 1986లో గాని చేర్చుకోలేదు. 2003లో వర్జీనియా శాసనసభ విచారం ప్రకటించింది. ఆ జూన్‌లో కౌంటీ ఆనాటి విద్యార్థులకు గౌరవ పట్టాలిచ్చింది. 2004లో వారికోసం ఏర్పరచిన ఉపకారవేతనం కళాశాల చదువుకే కాక, ఉన్నత పాఠశాల సమాన పరీక్షకు కూడా వర్తించింది. 1959లో ఆరేళ్ల వయసున ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లకు అప్పటికి 51 ఏళ్లు.