పువ్వు వాడిన తరువాత: క్రొకోస్మియా దుంపల కథ



పసుపు వేసే ఇంటివారికి ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆకు పచ్చగా ఉండగా పసుపు తవ్వరు. ఆకు పండి, ఎండి, నేలకు వాలిన మీదటనే పార పట్టుతారు. దుంప ఊరేది ఆకు సంపాదన మీద గనుక. పూలకోసం పెంచే దుంపమొక్కలకూ ఇదే న్యాయం. అయినా పువ్వు పోగానే మొక్క పని తీరిపోయిందనుకుని ఆకు కోసివేసేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. పూత ముగిసిన తరువాత మనిషి చేసినదాన్ని బట్టి, చేయనిదాన్ని బట్టి ఒక మొక్క గతి ఎట్లా మారినదో తెలియాలంటే క్రొకోస్మియా కథ వినవలె.

ఇది దక్షిణాఫ్రికా మొక్క, గ్లాడియోలస్‌కు చుట్టం. కత్తుల వంటి ఆకులు, వంగిన కాడ మీద నారింజ, ఎరుపు రంగుల పూలు. ఎండిన పువ్వును గోరువెచ్చని నీటిలో వేస్తే కుంకుమపువ్వు వాసన వస్తుంది. గ్రీకు భాషలో ఆ అర్థం వచ్చేటట్టు 1851లో ఈ పేరు పెట్టినవాడు ప్లాంషోన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ద్రాక్ష రైతులు ఈయనను తలచుకోవలసిందే. 1868లో ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేస్తున్న ఫైలాక్సెరా అనే వేరుపురుగును పట్టి చూపిన ముగ్గురిలో ఆయన ఒకడు.

పుట్టినచోట ఈ మొక్కకు వాన పడేది వేసవిలో. ఒక జాతి అడవి అంచుల నీడలోను, మరొక జాతి వాగుల ఒడ్డునా పెరుగుతాయి. చలికాలం పొడిగా ఉంటుంది. అప్పుడు ఆకు ఎండి, దుంప నేలలో నిద్రపోతుంది.

ఈ రెండు జాతులను ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో విక్టర్ లెమ్వాన్ అనే నర్సరీదారు సంకరపరచినాడు. ఆ సంకరం 1880లో మొదటిసారి పూచినది. మాంట్‌బ్రీషియా అనే పేరుతో అది యూరోపు తోటలన్నిటా వ్యాపించినది. ఇక్కడినుండి కథ రెండు దారులు పట్టినది.

మొదటి దారి అతిజాగ్రత్త. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో వెస్ట్‌విక్ హౌస్ తోటమాలి జార్జి డేవిసన్, 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో పెద్దపూల రకాలు తీసినాడు. అటువంటి మేలురకాలు మంచుకు తాళవని, శరత్తులో దుంపలు తవ్వి, చలి తగలనిచోట దాచి, వసంతంలో మళ్ళీ నాటే పద్ధతి వచ్చినది. ఏటేటా ఈ చాకిరీ చేసే చేతులు కావాలి గదా! ఆ పాతరకాలలో ఎన్నో నేడు దొరకవు. విత్తనపు గాదెకు కాపలా మానుకున్న ఇంట ఏమవుతుందో ఇక్కడా అదే అయిందని నా అభిప్రాయం.

రెండవ దారి అజాగ్రత్త. లెమ్వాన్ సంకరానికి ఏ సేవా అక్కరలేదు. గుబురు కట్టి పక్క మొక్కలను నొక్కివేస్తుంటే జనం దాన్ని పెరికి గోడ అవతల, కాలువగట్టున పారవేసినారు. ఐర్లండులోని కార్క్, కెర్రీ ప్రాంతాల దారుల వెంట నేడు అది కంచెలాగా పెరుగుతున్నది. చూచేవారికి కన్నులపండుగ, నేలకు కలుపు. ఇంగ్లండు, వేల్సులలో దీన్ని తోట దాటించి బయలులో నాటడం, పెరగనివ్వడం 2010 నుండి చట్టరీత్యా నేరం. అందం కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఏమి చేసిందో మీరెరుగుదురు.

ఇంత బలం ఎక్కడిది? దుంప కట్టుబడిలో ఉన్నది. గ్లాడియోలస్‌కు పూచిన దుంప ముడుచుకుపోయి, దానిమీద కొత్తది ఊరుతుంది. క్రొకోస్మియాలోనూ కొత్తది పాతదాని నెత్తినే ఊరుతుంది గాని, పాతది చావదు. ఏటికొకటి చొప్పున, పూసలు గుచ్చినట్టు, దుంప మీద దుంప పేరుకుంటుంది. పక్కలకు పాకే వేళ్ళవంటి కాడల చివర్లనా పిల్లదుంపలు వస్తాయి. దండను తెంపితే అడుగున నిద్రపోతున్న పాతదుంప కూడా మొలకెత్తగలదు. పార వేసి నరికినవాడు కలుపు తీసినట్టు కాదు, నాట్లు వేసినట్టే!

కావున చల్లని కొండ ఊళ్ళలో దీన్ని పెంచేవారు పూత ముగిశాక చేయవలసింది ఇది. వాడిన పూలకాడను మాత్రం అడుగుకు కోయండి. ఆకు జోలికి పోవద్దు. వచ్చే ఏటి పువ్వుకు పెట్టుబడి ఆ ఆకే. అది పచ్చగా ఉన్నన్నాళ్ళు నేల బొత్తిగా ఎండనివ్వకండి, నీరూ నిలవనివ్వకండి. ఎండిన ఆకును కూడా మంచు కురిసే తావుల్లో చలికాలమంతా అట్లాగే ఉంచి వసంతంలో తీస్తారు. అదే దుంపకు దుప్పటి. 1960 దశకంలో నార్ఫోక్‌లోనే బ్రెసింగ్‌హామ్ నర్సరీలో అలన్ బ్లూమ్ తీసిన లూసిఫర్ అనే ఎర్రపూల రకాన్ని ఇంగ్లండులో చాలామంది ఇట్లాగే నేలలోనే ఉంచుతున్నారు. ఏటేటా తవ్వే పని లేదు.

మూడు నాలుగేళ్ళకు గుబురు ఇరుకై పూత తగ్గుతుంది. అప్పుడు కొత్త చిగురు రాబోయే ముందు మొత్తం లేపి, పైన ఉన్న గట్టి దుంపలను ఏరి మూడు నాలుగు అంగుళాల లోతున నాటండి. మిగిలినవాటిని ఎరువుగుంటలో వేయకండి, కాలువలో అసలే వేయకండి. ఆ ఎరువుతోపాటు అవి మీ చేలోకే వస్తాయి. రాతి మీద పరచి బాగా ఎండబెట్టి కాల్చివేయండి. తవ్వినచోట మరుసటి ఏడు మొలకలు కనిపిస్తే లేతగా ఉండగానే, దండ తెగకుండా, చుట్టూ మట్టి వదులుచేసి దుంపతో సహా తీయండి.