రాత్రిపూట వినిపించిన తెలుగు

షోలాపూరులోనో బరంపురంలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలను అడిగి చూడండి. పగలంతా గరగరమంటూ అందీ అందకుండా ఉండే విజయవాడ రేడియో, రాత్రి భోజనాలయ్యే వేళకు పక్కింట్లో మాట్లాడినంత దగ్గరగా వినిపించేదని చెబుతారు. వార్తలు వింటూ ఉండగానే గొంతు సన్నబడిపోయేది. కాసేపటికి దానంతటదే మళ్లీ లేచేది. రేడియో పాడైందని కొందరు దాని నెత్తిన ఒక దెబ్బ కూడా వేసేవారు. నిజానికి రేడియో తప్పు ఏమీ లేదు. అది తరంగాల స్వభావం. ఆ స్వభావాన్ని మనిషి ఎలా తెలుసుకున్నాడో ఈనాడు చెప్పుకుందాం.

ముందుగా చెరువు గట్టు దాకా వెళ్దాం. నీళ్లలో రాయి వేస్తే అలలు గట్టు వరకూ వస్తాయి. కానీ నీటి మీద తేలే ఆకును గమనించండి. అది ఉన్నచోటే లేస్తుంది, దిగుతుంది. గట్టుకు చేరింది నీరు కాదు, నీటిలో పుట్టిన కదలిక. అల ఎత్తయిన భాగం శిఖరం, పల్లపు భాగం ద్రోణి. ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. నిలకడ మట్టం నుంచి శిఖరం ఎంత ఎత్తు లేచిందో అది కంపన పరిమితి. ఆకు సెకనుకు ఎన్నిసార్లు లేచి దిగిందో ఆ లెక్క పౌనఃపున్యం. దైర్ఘ్యాన్ని పౌనఃపున్యంతో గుణిస్తే తరంగ వేగం వస్తుంది.

రేడియో తరంగానికి నీరు అక్కరలేదు, గాలీ అక్కరలేదు. అందులో హెచ్చి తగ్గేవి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. ఇటువంటి తరంగాలు ఉండి తీరాలని, వాటి వేగం వెలుతురు వేగమేనని, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లని, జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1865లో గణితంతో తేల్చాడు. వాటిని పుట్టించి చూపేవారు రాకముందే 1879లో, 48 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ పని జర్మనీలోని కార్ల్‌స్రూహేలో హైన్రిచ్ హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరాలలో చేశాడు. విద్యుత్ నిప్పురవ్వలతో తరంగాలు పుట్టించి, ఎదురుగా గోడకు జింకు రేకు బిగించాడు. వెళ్లిన తరంగం రేకును తాకి వెనక్కి మళ్లింది. వెళ్లేదీ వచ్చేదీ కలిసినప్పుడు కొన్ని చోట్ల కదలికే ఉండదు. కిటికీ ఊచకు తాడు కట్టి ఆడించి చూడండి, అటువంటి చోట్లు మీకూ కనిపిస్తాయి. హెర్ట్జ్ చిన్న తీగ చుట్టను పట్టుకుని గదిలో నడుస్తూ, రవ్వ ఎక్కడ ఆరిపోతోందో గుర్తుపెట్టాడు. పక్కపక్కనే ఉన్న రెండు నిశ్చల స్థానాల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం. కంటికి కనబడని తరంగాన్ని ఆ విధంగా కొలిచాడు. 1894 జనవరి 1న చనిపోయేనాటికి అతని వయసు 36 ఏళ్లు. మన రేడియో మీద కనిపించే కిలోహెర్ట్జ్ అనే మాటలో ఉన్నది అతని పేరే.

విజయవాడ కేంద్రం మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్‌లో వినిపించేది. అంటే సెకనుకు 8 లక్షల 37 వేల కంపనాలు. భాగించి చూస్తే తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. పాత రేడియోల పలక మీద మీటర్లు ఒకవైపు పెరుగుతుంటే కిలోహెర్ట్జ్‌లు తగ్గుతూ పోవడానికి కారణం ఇదే. వేగం మారదు కనుక ఒకటి పెరిగితే రెండోది తగ్గాలి.

హెర్ట్జ్ తరంగాలు మీటర్ల పొడవైతే, కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 1895 ప్రాంతంలో మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను పుట్టించాడు. గోడల అవతల గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపాడు. 1901 డిసెంబరులో మార్కోని ఇంగ్లండు నుంచి అట్లాంటిక్ దాటించి న్యూఫౌండ్‌లాండ్‌లో సంకేతం అందుకున్నానని ప్రకటించాడు. అప్పుడు ఒక చిక్కుప్రశ్న వచ్చింది. తరంగం తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా ఉంది. మరి అవతలి ఒడ్డుకు ఎలా చేరింది? పై ఆకాశంలో తరంగాన్ని కిందికి మళ్లించే విద్యుదావేశపు పొర ఉండాలని 1902లో అమెరికాలో కెన్నెల్లీ, ఇంగ్లండులో హెవిసైడ్ వేర్వేరుగా ఊహించారు.

రుజువు చేసినవాడు ఎడ్వర్డ్ ఆపిల్టన్. 1924 డిసెంబరులో బార్నెట్ అనే సహచరుడితో కలిసి, బోర్న్‌మత్ రేడియో కేంద్రం తరంగదైర్ఘ్యాన్ని కొద్దికొద్దిగా మార్పించి, దూరాన కూర్చుని విన్నాడు. శబ్దం వరుసగా హెచ్చుతూ తగ్గుతూ వచ్చింది. నేల వెంబడి వచ్చిన తరంగమూ, ఆకాశం నుంచి మళ్లి వచ్చిన తరంగమూ కలుస్తున్నాయి. శిఖరం మీద శిఖరం పడితే బలం, శిఖరం మీద ద్రోణి పడితే క్షయం. ఆ లెక్కతో పొర ఎత్తు దాదాపు 90 కిలోమీటర్లని తేల్చాడు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక షోలాపూరు సంగతి అర్థమవుతుంది. పగటి ఎండ వల్ల ఆకాశంలో కింది పొర ఒకటి ఏర్పడి మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకి వెళ్లి, పై పొర నుంచి మళ్లి వందల మైళ్ల అవతల దిగుతుంది. గొంతు సన్నబడి లేవడం ఆపిల్టన్ విన్న హెచ్చుతగ్గుల వంటిదే. వేర్వేరు దారుల వెంట వచ్చిన తరంగాలు కలిసేటప్పుడు, పై పొర కదిలినకొద్దీ ఆ కలయిక మారుతూ ఉంటుంది.

ఆపిల్టన్ ప్రయోగం జరిగిన 1924లోనే, జూలై 31న, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. 1938 జూన్ 16న మద్రాసులో ఆకాశవాణి కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాయి. మనలో కొందరి పూర్వులు బతుకుతెరువు కోసం ఎన్నడో మగ్గాలతో తరలివెళ్లారు. కొందరిని 1953, 1956 నాటి సరిహద్దులు అవతలి వైపున ఉంచాయి. బడిలో మరో భాష, కచేరీలో మరో భాష. రాత్రివేళ ఇంటికి వచ్చే తెలుగు మాత్రం తరంగమే మోసుకొచ్చేది. గీత గీసింది నేల మీద. అది వచ్చింది ఆకాశం మీదుగా.

అయితే మీడియం వేవ్‌లో మాట దాగి ఉండేది కంపన పరిమితిలో, అంటే అల ఎత్తులో. మెరుపు మెరిసినా, పక్క గదిలో మరమగ్గం మోటారు రవ్వ చిమ్మినా ఆ ఎత్తు చెడి గరగర పుడుతుంది. ఎఫ్.ఎం.లో మాటను పౌనఃపున్యంలో దాస్తారు కనుక శబ్దం శుభ్రంగా ఉంటుంది. మద్రాసులో అది 1977లో మొదలైంది. కానీ సుమారు 3 మీటర్ల ఆ తరంగాలు సాధారణంగా పై పొరలను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతాయి. శుభ్రత దొరికింది, రాత్రి చుట్టరికం పోయింది.

నేడు జానెడు పొడవైనా లేని తరంగం చేతిఫోనుకు ఏ కేంద్రాన్నైనా తెచ్చిపెడుతుంది. అయినా ఆ ఫోనులో తెలుగు వెతుక్కునే అలవాటు పిల్లలకు మనమే చేయాలి. వెనకటికి వెతకకుండానే రాత్రి అయ్యేసరికి అది మన గుమ్మంలో ఉండేది.

మీ అటక మీద పాత రేడియో ఉంటే ఒక రాత్రి దించి, మీడియం వేవ్‌లో ముల్లు తిప్పి చూడండి. దూరపు కేంద్రం ఏదైనా దొరికి, గొంతు సన్నబడినప్పుడు దెబ్బ వేయకండి. పిల్లలను దగ్గరకు పిలవండి. శిఖరమూ ద్రోణీ కలుసుకుంటున్న చప్పుడు అదేనని చెప్పండి. ఆ మాట తెలుగులోనే చెప్పండి.