‘అ’ దాటని పెద్ద పుస్తకం

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ తాటిమట్ట ఇంకోటి మంటలో వెయ్యండి. మన రోలుగుంట చలంటే ఏటనుకున్నారు, పైనున్న లంబసింగి గాలి కొండ దిగి నేరుగా మన వీధిలోకే వస్తాది. ఇందాక చంటిగాడు అడిగేడు కదా, "తాతా, మాకంటే ఫోనుంది, ఏదడిగినా చెబుతాది. మీ కాలంలో ఎవర్ని అడిగేవారు?" అని. మంచి మాటే అడిగేడు. దానికి జవాబు చెప్పాలంటే నా కాలం చాలదు, మా తాత కాలం కాడ్నించి మొదలెట్టాలి.

ఆ రోజుల్లో నర్సీపట్నం దాటి కొండెక్కినవాడు, ఫారెస్టు గార్డవనీ, అమీనవనీ, తిరిగి దిగేసరికి గడగడా వణికిపోయేవాడట. చలిజ్వరం. కొండనీళ్లు పడలేదనేవారు కొందరు, గాలి సోకిందనేవారు ఇంకొందరు. అనకాపల్లి నూకాలమ్మకి మొక్కేవారు. అదంతా దోమ చేసే పనని 1897లో రోనాల్డ్ రాస్ అనే తెల్ల డాక్టరు దోమ పొట్ట కోసి చూసి తేల్చేడు. ఎక్కడనుకున్నారు? సీమలో కాదు, సికింద్రాబాదులో! కనిపెట్టింది మన గడ్డ మీదే గానీ ఆ కబురు రోలుగుంట ఎలాగ చేరతాది? ఆ డాక్టరు రాసింది ఇంగ్లీషులో. మా తాత చదివింది పెద్దబాలశిక్ష. నడుమ ఒకలు నిలబడాలి కదా. అలాగ నిలబడిన వాళ్ల ముచ్చటే ఈ రాత్రి చెప్పేది.

1906లో హైదరాబాదులో నలుగురు పెద్దలు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి అని ఒకటి పెట్టేరు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, అయ్యదేవర కాళేశ్వరరావు గారు, రావిచెట్టు రంగారావు గారు. అప్పటిదాకా తెలుగులో అచ్చయ్యేవి చాలామట్టుకు పురాణాలు, శతకాలు, నాటకాలు. వీళ్లు చరిత్ర వేస్తాం, శాస్త్రాలు వేస్తాం అన్నారు. మొదట వేసింది ఏటనుకున్నారు? అబ్రహాం లింకను చరిత్ర. గాడిచర్ల వారు రాసేరు. ఎక్కడి అమెరికా, ఎక్కడి బానిసల విడుదల! ఆ తర్వాత ఆచంట లక్ష్మీపతి అనే డాక్టరు గారి చేత జీవశాస్త్రం రాయించేరు. పదార్థ విజ్ఞానం, రసాయనం ఒకదాని వెనక ఒకటి వచ్చేయి. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము 1910లో వచ్చింది వీళ్ల చేతుల మీదుగానే. ఈలోగా 1908లో గాడిచర్ల వారిని పత్రికలో రాసిన రాతలకి దొరతనం వారు జైల్లో పెట్టేరు. మండలి మద్రాసుకి మారింది గానీ అచ్చు ఆగలేదు.

ఈ పుస్తకాల్లో కొన్ని నేను చూసేను. మా లెక్కల మాస్టారి ఇంట్లో రేకు పెట్టె ఉండేది. అందులో అవి అట్టలు ఊడిపోయి, చెద కొట్టి, దారంతో కట్టి ఉండేవి. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన చదివేవారు. ఆ గ్రాంథికం మాకేం అర్థమవుతాది? ఒక వాక్యం చదివి, దాన్నే మన మాటల్లో తిప్పి చెప్పేవారు. పశువుల్ని తోలుకొచ్చిన వాళ్లు కూడా కర్ర ఆనించి నిలబడి వినేవారు.

లక్ష్మణరావు గారి సంగతి మా మాస్టారే చెప్పేరు. పెనుగంచిప్రోలులో పుట్టేరు. పసితనంలోనే తండ్రి పోతే అక్క ఇంట పెరిగి, నాగపూరులో చదువుకున్నారు. ఆ అక్క ఎవరో కాదు, అబలా సచ్చరిత్ర రత్నమాల రాసిన బండారు అచ్చమాంబ గారు. ఆయన మునగాల రాజా వారి దివాను. దివానంటే కుర్చీలో కూర్చుని శిస్తు లెక్కలు చూసుకున్నా చాలు, కాలం వెళ్లిపోతాది. ఈయన మాత్రం ప్రపంచంలో ఉన్న తెలివంతా ‘అ’ నుంచి ‘హ’ దాకా వరస పెట్టి తెలుగులో పెట్టాలని కూర్చున్నారు. దానికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అని పేరు. చుట్టూ కుర్రాళ్లని చేర్చుకున్నారు. అందులో ఒకరు మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు. ఆ కొలువులో పని నేర్చుకుని, శాసనాలు చదివి, తర్వాత గొప్ప చరిత్రకారుడయ్యేరు.

వాళ్ల పని ఎలాంటిదో ఊహించుకోండి. ఇవాళ లెక్కల మీద వ్యాసం, రేపు వేదాంతం మీద, ఎల్లుండి ఏదో దేశం మీద. తెలియనిది వస్తే తెలుసుకునే దాకా కలం కదలదు. అడగడానికి సిగ్గుపడితే అక్కడ జీతం లేదు. మూడు సంపుటాలు వచ్చేయి. మూడూ కలిపి ‘అ’ అక్షరం ఒక్కటే! 1923లో లక్ష్మణరావు గారు మద్రాసులో పోయేరు, యాభయ్యేళ్లయినా నిండలేదు. అంతకు నాలుగేళ్ల ముందు కందుకూరి వీరేశలింగం గారు కన్నుమూసింది కూడా ఈయన ఇంట్లోనే. ఆ తర్వాత సర్వస్వాన్ని మళ్లీ ఎత్తుకున్నది ఎవరో తెలుసా? మీ నాయనమ్మ తలకి రాసుకునే అమృతాంజనం ఉంది చూడండి, అది పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1938లో ఆయనా వెళ్లిపోయేరు.

"అయితే ఆ పుస్తకం పూర్తవలేదన్నమాట, ఏటి లాభం తాతా?" అంటావేమో. లాభం ఉందిరా. తెలిసింది తెలుగులో చెప్పకపోతే ఏమవుతాదో వినండి. శంకరం కొండ ఎరుగుదురు కదా, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ. కనుమ నాడు అక్కడ తీర్థం. ఆ రోజుల్లో జనం అక్కడున్న ఒక రాతి కట్టడాన్ని చూపించి, రాక్షసుడి పొట్ట ఇదేనని రాళ్లు రువ్వేవారు. నిజానికి అది బౌద్ధ భిక్షువులు కాపురమున్న చోటు. 1907-08 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు శాఖ దొర తవ్విస్తే ఇటుక స్తూపం, విహారాలు, పాత నాణేలు బయటపడ్డాయి. దొర ఇంగ్లీషులో రిపోర్టు రాసుకుని వెళ్లిపోయేడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు రాళ్లు పడుతూనే ఉన్నాయి. తవ్విన ఏడే తెలుగులో నాలుగు ముక్కలు రాసి తీర్థంలో పంచి ఉంటే ఆ రాళ్లు అప్పుడే ఆగేవని మా మాస్టారు బాధపడేవారు.

తర్వాత రోజులు మెరుగు. 1947లో చందమామ పత్రిక వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు గారు ఏళ్ల తరబడి దాన్ని నడిపేరు. నర్సీపట్నంలోకి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, వేరుశనగపప్పు ధరకి మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు! అక్కడ కూర్చుని తెలుగు చేసిన వాళ్లలో ఉప్పల లక్ష్మణరావు గారొకరు. చెట్ల శాస్త్రం చదివిన ఆయన, నవల కూడా రాసేరు.

అయినా పాత భయాలు ఒక్కసారిగా పోలేదు. 1980 ఫిబ్రవరి 16న పెద్ద సూర్యగ్రహణం. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణీలు బిగించుకుని కూర్చుంటే, మన వీధిలో మధ్యాహ్నానికే తలుపులన్నీ మూసేసేరు. కడుపుతో ఉన్న వాళ్లని మంచం దిగనివ్వలేదు. చంద్రుడు అడ్డొస్తే నీడ పడతాదని చెబితే ఆ రోజు వినే వాళ్లు తక్కువ. మహీధర నళినీమోహన్ గారు ఇలాంటి సంగతులు ఇంట్లో మాట్లాడుకున్నట్టు రాసేవారు. ఆయనేమో ఢిల్లీలో పెద్ద ప్రయోగశాలలో శాస్త్రవేత్త. అలాంటి వాళ్ల రాతలు చదివిన కుర్రాళ్లు పెద్దయ్యేక, తర్వాతి గ్రహణానికి వీధిలోకొచ్చి నల్ల అద్దాల్లోంచి చూసేరు.

అందుకని చంటీ, నీ ఫోనుని నేను తప్పు పట్టను. అడుగు, చెప్పింది విను. విని ఊరుకోకుండా నర్సీపట్నం వెళ్లినప్పుడు గ్రంథాలయంలో దూరి, అది నిజమో కాదో పుస్తకంలో సరిచూసుకో. సరిచూసుకున్నది పక్కింటి అవ్వకి అర్థమయ్యేలా మన మాటల్లో చెప్పు. ఆ పెద్దలు జీవితమంతా చేసింది ఈ పనే, ‘ఆ’ నుంచి మిగిలింది మీరే చెయ్యాలి.