బెమిడ్జి ఇసుక కింద

చేతులకు తొడుగులు వేసుకోండి. ఒక బావి నుంచి ఇంకో బావికి వెళ్లినప్పుడల్లా కొత్త జత మార్చాలి. శుభ్రమైన బావులు ముందు, చమురు తగిలినవి చివర. ఈ వరస తప్పితే ఒకదాని మురికి ఇంకోదానికి అంటుకుంటుంది, లెక్కలన్నీ పాడవుతాయి. బావులంటే గిలకా చేదా ఉన్నవి కావు, నేలలోకి దింపిన సన్నటి గొట్టాలు.

మనం నిలబడ్డది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని బెమిడ్జి ఊరికి దగ్గర, పైన్ చెట్ల మధ్య. 1979 ఆగస్టు 20న ఇక్కడ పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడి చమురు అడవి మీద చిమ్మింది. గుంటల్లో నిలిచింది తోడారు, కొంత తగలబెట్టారు, తడిసిన మట్టిని ఎత్తేశారు. ఇంకా 4 లక్షల లీటర్ల దాకా ఇసుకలోనే ఉండిపోయింది. 1983 నుంచి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఈ చోటును వదలకుండా పరిశోధిస్తున్నారు.

టేపు చివర కట్టిన, ద్రవం తగిలితే మోగే పరికరాన్ని గొట్టంలోకి మెల్లగా దించండి. ఏడు మీటర్ల దగ్గర ఆగకుండా ఒకటే మోత. అది చమురు. ఇంకాస్త దించితే మోత ముక్కలు ముక్కలుగా మారింది. అది నీరు. ఈ రెండు లోతుల తేడాయే గొట్టంలో చమురు మందం. నేలలోనూ అంతే మందం ఉందని మాత్రం రాసుకోకండి. చారు మీద నూనెలా చమురు విడిగా తేలుతుందనుకుంటాం గానీ, ఇసుక రేణువుల సందుల్లో చమురూ నీరూ గాలీ కలిసే ఇరుక్కుని ఉంటాయి. గొట్టం ఖాళీగా ఉంటుంది కాబట్టి అందులోకి చమురు ఎక్కువగా చేరుతుంది.

నిజం తెలియాలంటే ఇసుకనే బయటికి తీయాలి. మామూలుగా లాగితే దారిలోనే ద్రవాలు కారిపోతాయి. అందుకే ఇక్కడ ద్రవ కార్బన్ డయాక్సైడు పంపి, నమూనా కింది కొసను భూమిలోనే గడ్డ కట్టించి అప్పుడు లాగుతారు. ఇదిగో, తెరిచారు. పైన లేత గోధుమ రంగు ఇసుక, మధ్యమధ్య గులకరాళ్లు. ఆ కింద నల్లటి పట్టీ, ముక్కు పుటాలు మండించే వాసన. దాని కింది ఇసుక బూడిద రంగుకు తిరిగింది. చమురును తినే సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్‌ను వాడేసి, ఆ తర్వాత ఇసుకను అంటిపెట్టుకున్న తుప్పులోని ఇనుము మీద పడతాయి. అందుకే ఇసుకకు ఆ గోధుమ రంగు పోయింది.

ఇప్పుడు నీటి నమూనా. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచు మీదికి ఉబ్బేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టి చూడండి. చిన్న బుడగ కనిపించినా పారబోసి మళ్లీ పట్టాలి. బెంజీన్ ఆ గాలిలోకి జారుకుంటే ప్రయోగశాల తక్కువ అంకె చూపిస్తుంది. క్యాన్సర్ తెచ్చే బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంత చిన్న కొలత దగ్గర బుడగ కూడా పెద్ద తప్పే.

ఇలా ఓపిగ్గా పట్టిన సీసాలే బెమిడ్జి సంగతి బయటపెట్టాయి. నీరు కదిలిన వేగంతో విషం కదలలేదు, సూక్ష్మజీవులు దాన్ని దారిలోనే చాలావరకు అరిగించుకున్నాయి. ఇది నిజంగా గొప్ప విషయం. అలాగని ‘నేలే చూసుకుంటుందిలే’ అని చేతులు దులుపుకోవడానికి ఇది సాక్ష్యం కాదు. ఇసుకలో ఇనుము తరిగిన కొద్దీ విషం ఇంకాస్త ముందుకు జరుగుతుంది. 1999 నుంచి కొన్నేళ్లు పంపులు పెట్టి లక్ష లీటర్లకు పైగా తోడినా చమురు పూర్తిగా పోలేదు.

పైగా బెమిడ్జిది ఇసుక నేల. మన తెలంగాణలో ఎక్కువ భాగం గట్టి రాయి, అందులో నీరు పగుళ్ల వెంట పోతుంది. పెట్రోలు బంకుల ట్యాంకులు ఉండేదీ నేలలోనే. ఒకటి కారితే ఏ పగులు ఏ బోరుకు చేరుస్తుందో పైనుంచి చూసి చెప్పలేం.

మీ బోరు నీళ్లు పెట్రోలు వాసన కొడితే తాగకండి, దగ్గర అగ్గిపుల్ల గీయకండి, కాచి చూద్దామనుకోకండి, ఆ ఆవిరి ఇంట్లోకే వస్తుంది. టీడీఎస్ మీటరు చూసి ధైర్యపడొద్దు, అది ఉప్పులనే కొలుస్తుంది. మోటారు ఆపి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నీటిలో బెంజీన్ పరీక్ష చేయమని పేరు పెట్టి అడగండి.