వయ్యారిభామ వచ్చిన దారి

తెలుగు రైతులు ఒక కలుపుమొక్కకు వయ్యారిభామ అని పేరు పెట్టిరి. గాలికి ఊగు దాని కొమ్మలను, తెల్లని చిన్న పూలను దూరము నుండి చూచిన వారికి ఆ పేరు తగినదే అనిపించును. కాని చేలో వంగి కలుపు తీయు కూలి స్త్రీల చేతులు దానిని వేరొక విధముగ ఎరుగును. ఆ మొక్క తగిలిన చర్మమున దురద, దద్దురు పుట్టును. పుప్పొడి పీల్చిన కొందరికి ఉబ్బసము కలుగును.

దీని పుట్టినిల్లు ఉష్ణమండలపు అమెరికా. మన దేశమున 1955లో పుణె నగరపు చెత్తకుప్పలపై దీనిని గుర్తించిరి. అటుపిమ్మట దక్కను పీఠభూమి అంతటను, క్రమముగ దేశమంతటను ఇది వ్యాపించెను. అమెరికా నుండి పి.ఎల్. 480 పథకము క్రింద వచ్చిన గోధుమలలో కలిసి ఇది దిగినదని జనశ్రుతి. తేదీలను సరిచూచినచో ఇందొక చిక్కు కలదు. ఆ పథకపు ఒప్పందము జరిగినది 1956 ఆగస్టులో; మొక్క కనిపించినది అంతకు ముందే. అయితే 1951లోనే 20 లక్షల టన్నుల గోధుమకై అమెరికా మనకు ఋణమిచ్చెను. ఇంకను వెనుకకు పోయినచో, 19వ శతాబ్దమున మన దేశమున సేకరించిన ఎండుమొక్కలలో సయితము దీని నమూనా కలదు. కనుక గోధుమ ఓడయే దీనిని మొదట తెచ్చినదని రూఢిగ చెప్పజాలము. దిగుమతి ధాన్యము వ్యాప్తికి తోడ్పడినదనుట మాత్రము నమ్మదగిన మాట.

ఒక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. మొలిచిన నెల, నెలన్నరలో పూతకు వచ్చును. బండిచక్రముల బురదతో, కాలువనీటితో, పెంటపోగుతో విత్తనము ఊరూరు తిరుగును. పశువులు సాధారణముగ దీనిని ముట్టవు. కావున బీడులో మంచి గడ్డి తరిగి ఇదియే మిగులును.

పూర్వము నాగజెముడు దక్షిణదేశపు బీడులను ఆక్రమించినప్పుడు, 1926లో సింహళము నుండి తెచ్చిన ఒక పురుగు దానిని చాలవరకు అణచెను. ఆ మార్గముననే 1983లో మెక్సికో నుండి ఒక పెంకుపురుగును బెంగుళూరుకు తెప్పించిరి. వానకాలమున అది వయ్యారిభామ ఆకులను తిని మొక్కను మోడు చేయును. ఎండకాలమున మట్టిలో దాగి నిద్రించును. అందుచే నాగజెముడు విషయమున లభించిన విజయము ఇచ్చట పూర్తిగ లభింపలేదు.

కావున మనిషి చేయవలసిన పని మిగిలియే ఉన్నది. చేతులకు తొడుగులు ధరించి, పూతకు ముందే మొక్కను వేళ్ళతో పెరుకవలెను. అట్లు పెరికిన దానిని ఎరువుగ మార్చుకొనవచ్చును. కాని ఒక రైతు తన చేనును ఎంత శుభ్రపరచినను, పొరుగు గట్టుపై పూచిన మొక్క మరల విత్తనము పంపును. ఇది ఊరివారందరు ఒకే అదనున కలిసి చేయవలసిన పని.