పొదిగే యంత్రంలో గుడ్లు: ఆఖరి మూడు రోజులే కీలకం

నాటుకోడికి గిరాకీ పెరిగాక పెరటి కోళ్ల పెంపకందారుల ఇళ్లలో చిన్న ఇంక్యుబేటర్లు కనిపించడం మామూలైంది. పొదుగుకు కూర్చున్న కోడి పది పదిహేను గుడ్లకు మించి పొదగలేదు. పిల్లలను సాకినంత కాలం మళ్లీ గుడ్డు పెట్టదు. యంత్రం ఈ రెండు ఇబ్బందులనూ తప్పిస్తుంది. అయితే పద్దెనిమిది రోజులు సజావుగా గడిచి, తీరా పిల్లలు బయటపడే వేళ నష్టపోయేవారు ఎక్కువ. పెంకుకు చిల్లు పెట్టిన పిల్ల అందులోనే చనిపోతుంది. మరికొన్ని పుట్టాక కాళ్లు చెరోవైపు జారి లేవలేకపోతాయి. చాలా సందర్భాల్లో దీనికి జబ్బు కారణం కాదు. చివరి మూడు రోజుల్లో గుడ్లు దొర్లడం, మాటిమాటికీ మూత తెరవడమే ఈ నష్టాన్ని తెచ్చిపెడతాయి.

తిప్పడం ఎందుకు, ఆపడం ఎందుకు

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. మొదటి 18 రోజులు గుడ్డును తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. పెద్ద హేచరీల్లో యంత్రమే సుమారు గంటకోసారి ట్రేలను 45 డిగ్రీల మేర అటూ ఇటూ వాలుస్తుంది. చేత్తో తిప్పేవారు రోజుకు మూడు లేదా ఐదుసార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా కదలకుండా ఉండే గుడ్డు వరుసగా రెండు రాత్రులు ఒకే పక్కన ఉండకూడదు. పెంకు మీద ఒక పక్క సున్నా, మరో పక్క అడ్డగీత పెన్సిలుతో గీసుకుంటే పొరపాటు జరగదు.

పద్దెనిమిదో రోజు దాటాక లెక్క మారుతుంది. అప్పటికి పిల్ల గుడ్డు పొడవునా సర్దుకొని, తలను కుడి రెక్క కిందికి చేర్చి, ముక్కును వెడల్పు కొనలోని గాలి గది వైపు పెట్టుకుంటుంది. పందొమ్మిది, ఇరవై రోజుల నడుమ లోపలి పొరను చీల్చి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. ఊపిరితిత్తులతో తీసుకునే తొలి శ్వాస అదే. తర్వాత ముక్కు కొసన ఉండే చిన్న గట్టి బుడిపెతో పెంకును పొడిచి చిల్లు చేస్తుంది. అక్కడి నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా కూడా విశ్రాంతి తీసుకుంటుంది. చూసేవారికి పిల్ల ఆగిపోయినట్లు అనిపించే ఈ సమయంలోనే మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరుతుంది, పొరలోని రక్తనాళాలు ఎండుతాయి. ఆ పైన పిల్ల గుండ్రంగా తిరుగుతూ పెంకు టోపీని కోసుకొని బయటికి వస్తుంది.

ఈ దశలో గుడ్డు దొర్లితే చిల్లు కిందివైపునకు పోవచ్చు. పిల్ల మళ్లీ సర్దుకోవడానికి తన బలమంతా ఖర్చు చేయాలి. దొర్లించేది మనుషులే కానక్కర్లేదు. ముందుగా పుట్టిన పిల్లలు తూలుతూ నడిచి తక్కిన గుడ్లను బంతుల్లా తన్నుతాయి. గంపలో ఇసుకో ఊకో పోసి, పైన గడ్డి పరచి, నడుమ గుంట చేసి కోడిని కూర్చోబెట్టే పాత పద్ధతిలో ఈ బెడద తక్కువ. ఉరుములకు గుడ్లు చెడతాయని గంపలో ఇనుప ముక్క వేసే నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ గుంట మాత్రం పనికొచ్చేదే.

కుదురుగా ఉంచే మార్గాలు

పద్దెనిమిదో రోజున గుడ్లను తిప్పే ట్రేల నుంచి తీసి పెట్టె అడుగున పరచాలి. తిప్పే ట్రేను లోపలే వదిలితే పిల్లల కాళ్లు, తలలు సందుల్లో ఇరుక్కుంటాయి. అడుగు నున్నగా ఉండరాదు. రేకు, ప్లాస్టిక్, వార్తాపత్రిక మీద పుట్టిన పిల్లలకు పట్టు దొరకక కాళ్లు విచ్చుకుపోతాయి. సన్నకన్నుల జాలీ గానీ, ఉతికి ఎండబెట్టిన గోనెపట్టా గానీ వేయడం మేలు. గుడ్లు పక్కకు పడుకొని ఒకదానికొకటి ఆనుకుంటే చాలు, ఇరికించకూడదు. తక్కువ గుడ్లు పెట్టినవారు అట్ట ట్రేను కత్తిరించి, వెడల్పు కొన పైకి ఉండేలా గుడ్లను అందులో నిలబెడుతుంటారు. దొర్లకుండా ఉండటానికి ఇది చవకైన ఉపాయం. నీళ్ల గిన్నెల మీద జాలీ కప్పకపోతే తడి పిల్లలు అందులో పడి చస్తాయి.

యంత్రాన్ని సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టాలి. ఫ్రిజ్ మీద, గ్రైండర్ పక్కన, పిల్లలు పరుగులు తీసే దారిలో పెట్టకూడదు.

దూరం నుంచి గుడ్లు తెప్పించుకునేవారికి ఈ జాగ్రత్త ముందే మొదలవుతుంది. గోదావరి జిల్లాల జాతికోళ్ల గుడ్లు బస్సుల్లో, పార్శిళ్లలో దూరప్రాంతాలకు వెళుతుంటాయి. కుదుపులకు లోపలి గాలి గది చెదిరిపోతుంది. వచ్చిన గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా నిలబెట్టి, 12 నుంచి 24 గంటలు కదపకుండా ఉంచాకే యంత్రంలో పెట్టాలి. వారం దాటిన గుడ్లలో పిల్లల శాతం తగ్గుతుంది.

వేడి, తేమ, మూత

ఫ్యాన్ ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీల సెల్సియస్ (99.5 ఫారన్‌హీట్) సరిపోతుంది. ఫ్యాన్ లేని పెట్టెలో గుడ్డు పైభాగం ఎత్తున థర్మామీటరు ఉంచి 38.5 వరకు చూసుకోవాలి. తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 60 శాతం, ఆ తర్వాత 65 నుంచి 75 శాతం. తేమ కొలిచే పరికరం మీద నమ్మకం లేనివారు తూకం వేసుకోవచ్చు. పద్దెనిమిది రోజుల్లో గుడ్డు సుమారు 12 శాతం బరువు కోల్పోవాలి. మొదట 450 గ్రాములు తూగిన పది గుడ్లు అప్పటికి 400 గ్రాములకు కాస్త తక్కువగా తూగితే తేమ సరిగ్గా ఉన్నట్లే.

చివరి మూడు రోజులు మూత తెరిస్తే ఆ తేమ క్షణాల్లో పోతుంది. చిల్లు పడిన గుడ్లలోని పొర ఎండి పిల్ల ఒంటికి బిగుసుకుంటుంది. ఇక అది తిరగలేదు. నీళ్లు పోయాల్సి వస్తే గాలిరంధ్రం గుండా గొట్టంతో పోయడం మంచిది. జాలిపడి పెంకు ఒలిచేవారూ ఉన్నారు. రక్తనాళాలు ఎండకముందే పొర చిరిగితే పిల్ల రక్తం పోయి చనిపోతుంది. పుట్టిన పిల్లలకు ఆకలేస్తుందని తొందరపడనక్కర్లేదు. కడుపులోని పచ్చసొన రెండు మూడు రోజులకు సరిపోతుంది. ఎక్కువ భాగం పిల్లల ఒళ్లు ఆరాక అన్నింటినీ ఒకేసారి తీయాలి.

కరెంటు పోయినప్పుడు మూత తెరవకుండా దుప్పటి కప్పాలి. గాలిరంధ్రాలు మాత్రం మూయరాదు. ఈ దశలో పిల్లలు తమ ఒంటి వేడిని తామే పుట్టిస్తాయి, వాటికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. కొద్దిసేపు చల్లబడటం కన్నా వేడెక్కడమే ప్రమాదం. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో రేకుల గదిలో పెట్టిన యంత్రంలో హీటరు ఆగినా వేడి 40 డిగ్రీలు దాటుతుంది. వేసవిలో పొదిగించేవారు ఇంట్లోని చల్లని గదినే ఎంచుకోవాలి.

పిల్లలు రాని గుడ్లు

ఇరవై రెండో రోజు ముగిసినా రాని గుడ్లను పారేసే ముందు పగలగొట్టి చూడాలి. పూర్తిగా ఎదిగిన పిల్లకు పొర ఎండి అంటుకుని ఉంటే చివర్లో తేమ తగ్గినట్లు. ఒళ్లు ఉబ్బి చుట్టూ నీరుంటే ముందు 18 రోజులు తేమ ఎక్కువైనట్లు. తల సన్నని కొన వైపు ఉంటే గుడ్డును తలకిందులుగా పెట్టి ఉండవచ్చు. రక్తపు వలయం మాత్రమే కనిపిస్తే తొలి వారంలోనే పిండం చనిపోయింది. అప్పుడు గుడ్ల వయసును, థర్మామీటరును అనుమానించాలి. ఈ వివరాలు తేదీతో రాసుకొని, యంత్రంలోని నూగును, పెంకులను శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే తర్వాతి విడత గుడ్లు పెట్టాలి.