బేతాళుడికి అనుమతి ఎవరిచ్చారు?

1949 జూలై 16న ఫ్రాన్సులో బాలల ప్రచురణల చట్టం వచ్చింది. పుదుచ్చేరి వైట్ టౌన్‌లో అప్పటికింకా ఫ్రెంచి జెండాయే ఎగురుతోంది. బందిపోటుతనాన్ని, అబద్ధాన్ని, సోమరితనాన్ని, పిరికితనాన్ని మెచ్చుకునేలా చూపే పత్రికలు పిల్లల చేతికి అందకూడదన్నారు, కాపలాకు ఒక కమిషన్ పెట్టారు. 1954 నవంబరు 1న వైట్ టౌన్ పాలన భారతదేశం చేతికొచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే అమెరికాలో కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. పుస్తకం పేరులో హారర్, టెర్రర్ అన్న మాటలు కనబడకూడదు, లోపల నడిచే శవాలు, రక్తపిశాచాలు ఉండకూడదు. ఆ మరుసటి ఏడే, వైట్ టౌన్‌కు ఉత్తరాన నూటయాభై కిలోమీటర్ల దూరంలోని మద్రాసులో, పిల్లల పత్రిక చందమామ ఒక రాజు భుజాన శవాన్ని వేసి, అందులో బేతాళుణ్ణి కూర్చోబెట్టి, నెలనెలా పిల్లల ముందుకు పంపడం మొదలుపెట్టింది. అమెరికా లెక్కన అది మొదటి పేజీలోనే నిషిద్ధం.

చందమామకు హద్దులు లేవనుకుంటే పొరపాటు. సంస్కృత కథాసరిత్సాగరంలోని పాతిక బేతాళ కథల్లో శృంగారానికి కొదవలేదు. శ్మశానాన్ని ఉంచి, పిల్లలకు తగని దాన్ని వదిలేశారు. పాత కథలు అయిపోయాక పాఠకులూ కొత్త రచయితలూ పంపినవాటిలోంచి అనువైన కథ ఎంచి, చివర ఒక చిక్కు ప్రశ్న తగిలించి, బేతాళుడి నోట చెప్పించారు. 1952 నుంచి 1980 వరకు చందమామ సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. దయ్యాల మీద నమ్మకంతో కాదు, కథ ఏం చేస్తోందో చూసి ఆయన నిర్ణయించాడు. కథ అల్లినవాళ్ళు ఎవరైనా, శవం ఎప్పుడు మాట్లాడుతుందో, రాజు మౌనం ఎప్పుడు వీడుతుందో చదివే పిల్లకు ముందే తెలుసు. భయంలోకి వెళ్ళే గుమ్మం, బయటికొచ్చే వాకిలి రెండూ ఉన్నాయి.

దయ్యం ఉందా లేదా అని మాత్రమే చూసే నిషేధం ఎక్కడికి పోతుందో అమెరికాయే చూపించింది. 1956 నాటి సంచిక కోసం ఇ.సి. అనే కామిక్స్ సంస్థ జాతివివక్షను ఖండించే ఒక కథను పునర్ముద్రణకు పంపింది. చివరి బొమ్మలో వ్యోమగామి నల్లజాతివాడు. అతని రంగు మార్చమని నియమావళి అధికారి పట్టుబట్టాడు. నియమాల్లో ఎక్కడా లేని అభ్యంతరం అది! ప్రచురణకర్త విలియం గెయిన్స్ లొంగలేదు, కథ యథాతథంగా వచ్చింది. కానీ ఆ సంస్థ కామిక్ పుస్తకాలు అక్కడితో ఆగిపోయాయి.

ఎం.ఐ.టి.లో పుట్టి 2007లో జనంలోకొచ్చిన స్క్రాచ్ అనే వెబ్‌సైటులో పిల్లలు ఇవాళ తామే ఆటలు అల్లుతున్నారు, ఒకరి ఆటను మరొకరు మార్చి మళ్ళీ పెడుతున్నారు. 2014లో వచ్చిన ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ అనే భయానక వీడియో ఆటలోని బొమ్మలు వాళ్ళ ఆటల్లోకి దూరడంలో వింతేముంది? మరి అన్నం తినని పిల్లాడికి బూచాణ్ణి పిలిచే మన అమ్మమ్మల్ని ఏ కమిషన్ ముందు నిలబెట్టాలి? అయితే ఒక అభ్యంతరం గట్టిది: చందమామలో నెలకొక బేతాళ కథ, స్క్రాచ్‌లో లెక్కలేనన్ని ఆటలు, ఒక్కొక్కటీ కూర్చుని దిద్దేదెవరు? నిజమే, దిద్దలేరు. దిద్దలేనప్పుడు పేరునుబట్టి కొట్టేయడం తేలిక, కానీ తేలికైనది న్యాయమైపోదు. రెండో అభ్యంతరం ఇంకా నిజం. బేతాళుడు చెప్పి వస్తాడు, ఆటలో ముఖం హఠాత్తుగా కేకతో తెరమీదికి దూకుతుంది, ఆరేళ్ళ పిల్లకు ఆ తేడా పెద్దది. కాబట్టి అడగాల్సింది కూడా అదే: ముందే హెచ్చరిక ఉందా, ఆపి బయటికొచ్చే దారి ఉందా, నెత్తురు ఎంత? ఫ్రెడ్డీ పేరు ఉందా లేదా అన్నది కాదు. ఎక్కువ మంది మెచ్చిన ఆటకూ నిన్న చేరిన పిల్లాడి ఆటకూ ఇవే ప్రశ్నలు. పరిశీలకుడు ఏ ఆటనైనా తీసేస్తే ఏ దృశ్యం కోసమో చెప్పి, మార్చి మళ్ళీ పంపమనాలి. ఫిర్యాదుల సంఖ్య చూసి తీసేస్తే తీర్పు చెప్పేది పరిశీలకుడు కాదు, ఫిర్యాదు మీట నొక్కిన గుంపు.